లేత చెట్ల తోపులలో అడుగున మొలచు మొక్కలు
(వరంగల్లు ప్రాంతపు రైతులనుద్దేశించి చేసిన ఉపన్యాసము)



మన వరంగల్లు ప్రాంతమున ఖుష్కి భూములలో చెట్లు నాటుట నానాటికి హెచ్చుచున్నది. టేకు, జామాయిలు, సుబాబులు, మలబారు వేప, శ్రీగంధము, మామిడి మొదలగు వానిని పట్టాదారులు తమ చల్క నేలలలో పెట్టుచున్నారు. 2015 జూలైలో హరితహారము ఆరంభమైనది మొదలు గట్లమీదను, చెరువు కట్టల క్రిందను గూడ మొక్కలు నాటబడినవి. గుంత యెంత లోతు త్రవ్వవలయును, మొక్కకు మొక్కకు ఎంత యెడముండవలయును అను విషయములను చెప్పువారు పలువురు కలరు. కాని నాటిన పిమ్మట ఆ మొక్కల నడుమ తమంతట తామే మొలచు గడ్డిని, తీగెలను, పొదలను ఏమి చేయవలయునో చెప్పువారు తక్కువ. తోపు నిలుచుటయో చెడుటయో తేలునది మొదటి మూడేండ్లలోనే. ఆ మూడేండ్ల పని యంతయు ఈ అడుగు మొక్కలతోనే. కావున నేడు వానిని గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

ఈ విషయమున రైతులు రెండు విధములుగా నష్టపోవుచున్నారు. కొందరు మొక్కలను నాటి, దేవునిపై భారము వేసి, మరల తోపు ముఖము చూడరు. దసరా నాటికి గడ్డి మొక్కలను మించి పెరుగును. సంక్రాంతి నాటికి ఎండును. మార్చి నెలలో ఎవరో పారవైచిన చుట్టముక్కతో తోపంతయు బూడిద యగును. మరికొందరు మిక్కిలి శ్రద్ధాళువులు. వీరు పచ్చని ఆకు కనబడిన దున్నుదురు, నేలను కళ్లమువలె నున్నగా నుంచుదురు. వీరి మొక్క బ్రతుకును గాని, వీరి మన్ను వానకు కొట్టుకొనిపోవును. మొదటివానికి చెట్టు పోవును, రెండవవానికి నేల పోవును. ఈ రెండింటికి నడుమనున్న మార్గము నెరుగుటయే మనకు లాభము.

గడ్డివలని కీడు

నాటిన మొదటి యేడు మొక్క వేళ్లలో చాలభాగము మూరెడు లోతులోనే యుండును. గడ్డి వేళ్లును ఆ మూరెడు మన్నులోనే దట్టముగా అల్లుకొనియుండును. మన ప్రాంతమున సాలీనా సుమారు 40 అంగుళముల వాన కురియును. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా జూన్ మొదలు సెప్టెంబరు వరకే పడును. అక్టోబరు దాటిన తరువాత మొక్కకు దక్కునది మన్నులో నిలిచిన తేమ మాత్రమే. చల్క నేలలో ఆ తేమ మొదలే స్వల్పము. గరికయు తుంగయు దానిని ముందుగా త్రాగివేసినచో, జనవరి వచ్చునప్పటికి మొక్క ఆకు వ్రేలవేయును. రైతు దీనిని చూచి తెగులని భ్రమించి మందు కొట్టును. అది తెగులు కాదు, దప్పిక.

రెండవది వెలుతురు. టేకు వెలుతురును కోరు చెట్టు. పైన నీడ పడినచో ఎదుగదు. జామాయిలు మొక్క మొదటి యేడు గడ్డి పోటీకి ఏమాత్రము ఓర్వదు. ఆ యేడు వెనుకబడిన మొక్క పిదప తోటివానిని అందుకొనుట అరుదు. మూడవది తీగెల బాధ. లేత కాండమునకు తీగె చుట్టుకొని పైకెక్కినచో కొన వంగును. టేకునందు వంకర పోయిన మాను పలకకు పనికిరాదు. నాలుగవది, దట్టపు గడ్డిలో ఎలుకలు చేరి లేత వేళ్లను, బెరడును కొరుకును.

నేలను బోడిగా ఉంచుటవలని కీడు

అట్లయిన అంతయు పీకివేసినచో మేలు గదా యని మీరనవచ్చును. మన వానలు మెల్లగా కురియునవి కావు. ఒక్క గంటలో రెండంగుళములు పడు దినములును కలవు. బోడినేలపై ఆ చినుకు పడినప్పుడు మన్ను చిట్లి, సన్నని బురదయై, పైన పొరకట్టును. ఆ పొరగుండ నీరు క్రిందికి ఇంకదు, ప్రక్కకు పారును. పారుచు పైమన్నును తీసికొనిపోవును. చల్క నేలలలో బలమంతయు పైనున్న నాలుగంగుళములలోనే కలదు. ఆ మన్ను చెరువులో పడినచో చెరువు పూడును, చేను చచ్చును. కాకతీయుల నాడు కట్టిన పాకాల, రామప్ప, లక్నవరముల వంటి చెరువులకు ఎగువనున్న భూములను దున్నువారు ఈ మాటను రెండు మారులు తలపోయవలయును.

చెట్లు పెరిగిన తరువాత వాని నీడయే నేలను కాపాడునని కొందరి నమ్మకము. టేకు విషయమున ఇది చాలవరకు తప్పు. టేకు ఆకు చేటంత వెడల్పుగా నుండును. సన్నని చినుకులు ఆ ఆకుమీద ఒకటిగా కూడి, పెద్ద బొట్లుగా మారి, ఇరువది ముప్పది అడుగుల యెత్తునుండి రాలును. ఆ బొట్టు దెబ్బ ఆకాశమునుండి పడు చినుకు దెబ్బకంటె బలమైనది. అడుగున గడ్డిగాని రాలిన ఆకుగాని లేని టేకు తోపులో వేళ్లు బయటపడి కనబడుటకు ఇదియే కారణము. చెట్టు తన అడుగు నేలను తానే కాపాడుకొనజాలదు. ఆ పని చేయునవి చిన్న మొక్కలును, రాలిన ఆకులును.

పరదేశముల వారును ఈ పాఠమును నష్టపడియే నేర్చుకొనిరి. 20వ శతాబ్ది ఆదిలో మలయా దేశపు రబ్బరు తోటలయందు ఒక గడ్డిపోచ గూడ లేకుండ కలుపు తీయుట గొప్ప సేద్యమని తలచిరి. కొండవాలు తోటలలో మన్ను కొట్టుకొనిపోగా, పిదప తామే చిక్కుడు జాతి తీగెలను విత్తి నేలను కప్పసాగిరి. నేటికిని రబ్బరు, ఆయిల్‌పామ్ తోటలలో ఆ పద్ధతియే మేలైనదిగా నెంచబడుచున్నది. మన ప్రాంతమున ఆయిల్‌పామ్ క్రొత్తగా పెట్టిన రైతులు దీనిని గమనింపవలయును.

శత్రువులు, మిత్రులు

అడుగున మొలచునదంతయు ఒక్కటి కాదు. వానిని మూడు తెగలుగా విడదీసి చూచినచో పని సులభమగును.

మొదటి తెగ శత్రువులు. వీనిలో ముఖ్యమైనది వయ్యారిభామ. ఇది అమెరికా ఖండమునుండి వచ్చినది. 1955-56 ప్రాంతమున పుణెలో మొదట గమనింపబడి, పిదప దేశమంతట వ్యాపించెను. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. దీనిని ముట్టినవారిలో పలువురకు చర్మముపై దద్దురులును, ఉబ్బసమును కలుగును. పశువులును దీనిని మేయవు. పూతకు రాకమునుపే, నేల తడిగా నున్నప్పుడు, చేతికి గుడ్డ చుట్టుకొని వేరుతో పెరుకవలయును. 1984లో మెక్సికో దేశపు పెంకుపురుగును దీనిని తినుటకై మన దేశమున విడిచిరి. వానకాలమున వయ్యారిభామ ఆకులను తినుచున్న చిన్న చారల పెంకుపురుగులు కనబడినచో వానిని చంపరాదు. రెండవ శత్రువు లాంటానా. తలంబ్రాల చెట్టని కొందరందురు. 19వ శతాబ్ది ఆదిలో కలకత్తా వనమునకు పూలకొరకు తెచ్చిన పొద ఇది. నేడు అడవులను ఆక్రమించినది. దీని ఆకు మేసిన పశువునకు కాలేయము చెడును. పైపైన నరికినచో రెట్టింపు పిలకలు వేయును. గడ్డపారతో మొదలు పెకలింపవలయును. మూడవది దర్భవంటి గట్టి గడ్డి. ఇది భూమిలో దుంపవేళ్లను పరచును. ఎండినప్పుడు నిప్పునకు నేయి వంటిది. చుట్టుకొను తీగెలను గూడ ఈ తెగలోనే చేర్చవలయును.

రెండవ తెగ మిత్రులు. వెంపలి, పిల్లిపెసర, జనుము, ఉలవ, బొబ్బర మొదలగునవి. ఇవి చిక్కుడు జాతివి. వీని వేళ్లపై నుండు బుడిపెలలో కంటికి కానరాని సూక్ష్మజీవులు వసించి, గాలియందలి నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా మార్చును. వీనిని కోసి అచ్చటనే పరచినచో ఎరువు కొనకుండనే నేలకు బలము కలుగును. వెంపలి ఆకును మన పెద్దలు పొలములలో త్రొక్కించుట ఊరక కాదు.

మూడవ తెగ తటస్థులు. గడ్డిచేమంతి, గునుగు, తంగేడు మొదలగునవి. మొక్క మొదటనుండి దూరముగా నున్నంతవరకు ఇవి మేలే చేయును; నేలను కప్పును, చినుకు దెబ్బను కాచును. తంగేడు గట్లమీద నున్నచో నరుకవలదు. దాని ఆకు పచ్చిరొట్టగాను, బెరడు తోలు పదును పెట్టుటకును ఉపయోగించును. బతుకమ్మ పండుగకు తంగేడును గునుగును మన యింటి ఆడువారు ఎక్కడనుండి తేవలయునో తలచుకొనుడు. పురుగుమందు లేని తోపుగట్టు ఒకటి ఊరికి మిగిలిన అదియు నొక మేలే.

చేయవలసిన పద్ధతి

పద్ధతి ఒక్క వాక్యములో చెప్పదగినది: మొక్క మొదట శుభ్రము, వరుస నడుమ కప్పు.

ప్రతి మొక్క చుట్టును మూడడుగుల అడ్డు కొలతగల పళ్లెమును గీసి, అందులో గడ్డి వేరుతో సహా తీయవలయును. తీసిన గడ్డిని ఎండనిచ్చి ఆ పళ్లెములోనే, కాండమునకు జానెడు దూరమున పరచవలయును. కాండమునకు తాకించినచో చెద పట్టును. ఈ పరపు తేమను నిలుపును, తిరిగి గడ్డి మొలవకుండ అడ్డగించును. వరుసల నడుమనున్న గడ్డిని పెరుకక, కొడవలితో నాలుగంగుళములు మిగుల్చి కోయవలయును. వాలు భూమియైనచో ఆ పట్టీ వాలునకు అడ్డముగా నుండునట్లు చూడవలయును.

దీనివలన కూలి ఎంత మిగులునో లెక్క చూతము. జామాయిలును పది అడుగుల వరుసలలో ఆరున్నర అడుగులకొకటిగా నాటినచో ఎకరమునకు సుమారు 670 మొక్కలు పట్టును. ఒక్కొక్క పళ్లెము వైశాల్యము 7 చదరపు అడుగులు. అన్నియు కలిసి 4,700 చదరపు అడుగులు. ఎకరము 43,560 చదరపు అడుగులు. అనగా వేరుతో తీయవలసిన పని తొమ్మిదవ వంతు మాత్రమే. టేకును ఆరున్నర అడుగుల చదరమున నాటినచో ఎకరమునకు వేయి మొక్కలు. అప్పుడును పని ఆరవ వంతే. తక్కిన భాగమును కొడవలితో కోయుట సులభము. కోసిన గడ్డి పశువులకు మేతయు నగును.

మొదటి యేడు మూడు మారులు ఈ పని చేయవలయును: జూలై చివర, సెప్టెంబరులో, వానలు వెనుకపట్టిన పిమ్మట నవంబరులో. రెండవ యేడు రెండు మారులు. మూడవ యేడు ఒక మారు చాలును. వీనిలో ఒక్కటే చేయగల శక్తి కలవాడు మొదటి యేటి సెప్టెంబరు పనిని విడువరాదు. ఆ తరువాత కురియు వానయే మొక్కకు ఎండకాలపు మూట. కలుపు మందు చల్లువారు గాలి లేని వేళ, మూతి క్రిందికి వంచి చల్లవలయును. తుంపర లేత ఆకుపై పడినచో కలుపుతోబాటు మొక్కయు మాడును.

నడుమ పంటలు

అడుగున ఏదో యొకటి మొలచుట తప్పదు గనుక మనకు కావలసినదానినే మొలిపించుట తెలివి. మామిడిని 33 అడుగుల చదరమున నాటినచో ఎకరమునకు 40 చెట్లు మాత్రమే. మొదటి అయిదారేండ్లు భూమి చాలవరకు ఖాళీయే. అందు పెసర, మినుము, వేరుశనగ, ఉలవ వేయవచ్చును. టేకు, జామాయిలు తోపులలో మొదటి రెండేండ్లు వేయవచ్చును. మొక్కకు మూడడుగుల లోపల పంట విత్తరాదు. మొక్క చిన్నదై యుండగా జొన్న, మొక్కజొన్న వంటి పొడుగు పైరు ప్రక్కన వేయుట తగదు; నీడ కమ్మును. నీరు గల చోట, చెట్టు నీడ కొంత పడిన తరువాత పసుపు, అల్లము వేయవచ్చును. ఇవి కొంత నీడ నోర్చును. పశువులు గలవారు చల్క నేలలో స్టైలో అను మేతమొక్కను విత్తినచో నేల కప్పబడును, మేతయు దొరకును. కాని పశువులను తోపులోనికి తోలరాదు, కోసి మోయవలయును. మేక నోరు లేత కొమ్మకు గొడ్డలి.

బ్రహ్మదేశమున 1850 ప్రాంతము తరువాత అడవి యధికారులు కొండజాతులవారిచే టేకు మొక్కల నడుమ వరి మొదలగు పంటలు వేయించి, ఆ పంటకు తీసిన కలుపుతోనే టేకును పెంచిరి. దీనిని తౌంగ్యా పద్ధతి యందురు. రైతు తన పంటకొరకు చేయు శ్రమ చెట్టునకును చెందుటయే ఇందలి కీలకము. కర్ర చేతికి వచ్చు వరకు నడుమ పంటయే ఇల్లు గడపును. మంగపేట మండలమందలి కమలాపురపు కర్రగుజ్జు మిల్లు 2014లో పని నిలిపెను. కర్ర కొనువాడు ఒక్కడే యని నమ్ముకొనుట ఎంత ప్రమాదమో, నేలనుండి రెండవ రాబడి యుండుట ఎంత యవసరమో దీనివలన తెలియుచున్నది.

చెట్టును బట్టి భేదము

శ్రీగంధము విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. ఈ చెట్టు పూర్తిగా తన కాళ్లపై నిలుచునది కాదు. దీని వేళ్లు ప్రక్కమొక్కల వేళ్లను పట్టుకొని వాని రసమును కొంత పీల్చును. నారుసంచిలో పొన్నగంటి కూరను, పొలములో మొదట కందిని, పిదప సరుగుడు వంటి చెట్టును తోడుగా పెట్టుట ఇందుకే. శుభ్రము పేర చుట్టును ఉన్నవానినెల్ల పీకిన రైతు శ్రీగంధమునకు అన్నము పెట్టు చేతిని నరికినవాడగును. ఇచ్చట పళ్లెములో గడ్డిని మాత్రము తీసి, కందిని ఉంచవలయును.

సుబాబులు అడుగున దాని మొలకలే వేలకొలది వచ్చును. కాయ పండకమునుపే కొమ్మలను కోసి మేతకు వాడినచో ఈ బాధ తగ్గును. అందు ఒక విషపదార్థము కలదు గనుక ఇతర మేతతో కలిపి కొద్దిగా పెట్టవలయునే గాని దానినే మేపరాదు. గుర్రములకు అసలు పెట్టరాదు.

జామాయిలు క్రింద గడ్డి గూడ మొలవదని వాడుక. ఇది కొంత నిజము, కొంత కాదు. దాని నీడ పలుచన. వాన మెండుగా గల చోట అడుగున గడ్డి బాగుగనే పెరుగును. మెట్టభూమిలో దాని వేళ్లు పైమన్నులోని తేమను లాగుటచేతను, రాలిన ఆకులందలి తైలపదార్థములు మొలకలను అణచుటచేతను నేల బోడిగా కనబడును. అట్టి చోట రాలిన ఆకును ఊడ్చి తీసికొనిపోవుట నేలకు రెండవ దెబ్బ. ఆకును అచ్చటనే యుంచి, నిప్పునుండి కాపాడవలయును.

నిప్పు

ఫిబ్రవరి మొదలు మే వరకు నిప్పు భయము. టేకు ఆకు రాల్చుటయు, గడ్డి ఎండుటయు, అడవిలో తునికాకు పనులు సాగుటయు ఇంచుమించుగా ఒకే కాలము. కాలిన టేకు మొదలునుండి మరల చిగిర్చును గాని, మాను లోపల బోలుపడును. అటువంటి మానునకు వెల రాదు. జనవరి ముగియకమునుపే తోపు చుట్టును పది పదునైదడుగుల వెడల్పున గడ్డిని చెక్కి దారి తీయవలయును. పెద్ద తోపైనచో నడుమ గూడ ఒక దారి యుండవలయును. పొరుగు పట్టాదారులు నలుగురు కలిసి చెక్కినచో కూలి తగ్గును. ఒకని తోపున పుట్టిన నిప్పు హద్దురాళ్లను చదువుకొని ఆగదు గదా.

నీడ కమ్మిన తరువాత

జామాయిలు రెండేండ్లకును, టేకు నాలుగైదేండ్లకును కొమ్మలు కలిసి నీడ కమ్మును. అప్పుడు గడ్డి తనంతట తానే తగ్గును. ఇక కలుపు కూలి వృథా. తీగెలను, లాంటానాను మాత్రము ఏటికొకమారు చూచుకొనినచో చాలును. టేకును పలుచన చేసినప్పుడు గాని, గాలికి చెట్లు కూలినప్పుడు గాని వెలుతురు తిరిగి నేలపై పడును. మరల పొదలు లేచును. 2024 ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలెను. అట్టి ఖాళీలలో మొదట చేరునది ఏ జాతి మొక్కయో గమనించుట ముఖ్యము. లాంటానా ముందు చేరినచో అడవి మొక్క వెనుకబడును.

ఈ దశలో పక్షులు, గబ్బిలములు తెచ్చిన గింజలనుండి వేప, నేరేడు, మేడి వంటి మొక్కలు తోపులో మొలచుట చూచియుందురు. ఉష్ణదేశములలో పలుచోట్ల, చెడిన భూములలో నాటిన తోపుల నీడన దేశవాళీ చెట్లు ఈ విధముగనే మరల పుట్టుచున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. హద్దులలోను, వాగు గట్లలోను వచ్చిన ఇట్టి మొక్కలను ఉంచుకొనుడు. ఖర్చులేకుండ వచ్చిన వేపచెట్టును కాదనువాడు రైతు కాడు.

సంగ్రహముగా జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మొక్క చుట్టు మూడడుగుల పళ్లెము శుభ్రముగా ఉంచుడు. నడుమ గడ్డిని పెరుకక కోయుడు.
2. మొదటి యేడు మూడు, రెండవ యేడు రెండు, మూడవ యేడు ఒక మారు కలుపు తీయుడు.
3. వయ్యారిభామను పూతకు ముందు పెరుకుడు, లాంటానాను మొదలుతో పెకలింపుడు, తీగెలను కోయుడు.
4. జనుము, పిల్లిపెసర, ఉలవ, బొబ్బరలతో నేలను కప్పుడు.
5. శ్రీగంధమునకు తోడు మొక్కను తీయకుడు.
6. పశువులను తోలకుడు, మేతను కోసి మోయుడు.
7. జనవరిలోపల నిప్పుదారి చెక్కుడు. రాలిన ఆకును కాల్చకుడు.

సోదరులారా! చెట్టు మనుమని కాలమునకు సొమ్మగును. నేల మాత్రము మనుమని మనుమనికి గూడ కావలయును. తోపులోనికి పోవునప్పుడు కొడవలి తీసికొనిపొండు; కాని కొడవలి యెత్తుటకు ముందు అడుగున మొలచినదేదియో ఒక్క నిమిషము చూడుడు. పెరుకదగినదానిని పెరుకుడు, ఉంచదగినదానిని ఉంచుడు. ఈ వానకాలమున మీ తోపులో ఒక్క ఎకరమందైనను ఈ పద్ధతిని పాటించి, ప్రక్క ఎకరముతో పోల్చి చూడుడు. ఫలితము మీ కన్నులకే తెలియగలదు.